అక్కాచెల్లెళ్ళూ అక్కర్లేని పెట్టెలూ

అనగనగా ఒక కొండ. ఆ కొండ వెనక ఒక ఊరు. కొండకి వెనకాల ఉంది కాబట్టి ఆ ఊరిని అందరూ కొండెనకపాలెం అనేవారు. దుప్పటి మీదకి లాక్కో బుజ్జీ, చెబుతాను.

ఆ ఊళ్ళో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు పుట్టారు. అక్క పేరు వరహాలమ్మ, చెల్లెలి పేరు బంగారమ్మ. ఇంట్లో వరహాలూ లేవు, బంగారమూ లేదు. పేర్లలోనైనా ఉండనీ అని వాళ్ళమ్మ అలా పెట్టుకుంది.

అక్కకి పుట్టుకతోనే చెవులు వినిపించవు. చెల్లెలికీ అంతే. మాట చెవిన పడకపోతే నోటికి ఎలా వస్తుంది చెప్పు? ఊళ్ళోవాళ్ళు వాళ్ళని పేరు పెట్టి పిలిచేవారు కాదు. మూగపిల్లలు అనేవారు. ఎలాగూ వినపడదు కదా అని వాళ్ళ ఎదురుగానే అనేవారు.

అప్పుడు ఆ పిల్లలు ఏం చేశారంటే, తమకంటూ ఒక భాష చేసుకున్నారు. చేతుల భాష. వాన అంటే వేళ్ళు జలజలా కిందికి రాల్చాలి. అమ్మ అంటే ముక్కుపుడక దగ్గర తాకాలి. ఊరి కరణంగారి సంగతి చెప్పాలంటే లేని మీసం మెలేసి, పొట్ట ముందుకు పెట్టాలి. అది చూసి ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవారు. నిన్న, రేపు, భయం, దొంగతనంగా కోసిన జామకాయ, అన్నిటికీ వాళ్ళ చేతుల్లో మాటలుండేవి. ప్రపంచం మొత్తంలో ఆ భాష వచ్చినవాళ్ళు ఆ ఇద్దరే.

ఆ తర్వాత పెళ్ళిళ్ళయ్యాయి. అక్కకి ఉన్న ఊళ్ళోనే సంబంధం దొరికింది. చెల్లెల్ని ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒక మంచివాడికిచ్చారు. రైలెక్కి వెళ్ళిపోయింది.

అక్కడితో మాటలు ఆగిపోయాయి. ఉత్తరం రాద్దామంటే ఇద్దరికీ చదువు లేదు. ఫోను వచ్చినా చెవి లేనివాళ్ళకి అదెందుకు? ఏ పెళ్ళికో చావుకో కలిసినప్పుడు మాత్రం, ఓ మూల కూర్చుని చేతులు నొప్పెట్టేదాకా చెప్పుకునేవారు. మళ్ళీ రైలు వచ్చేది. మళ్ళీ ఏళ్ళకేళ్ళు చేతులు ఊరుకునేవి.

వరహాలమ్మకి ఒక్కడే కొడుకు, అప్పలస్వామి. లారీ తోలేవాడు. వాడికి హైమ అనే పిల్లనిచ్చి పెళ్ళి చేశారు. వరహాలమ్మ భర్త పోయాక ఇంట్లో ఎక్కువగా అత్తాకోడళ్ళే ఉండేవారు. హైమ మంచి పిల్లే. అత్తకి వేళకి పెట్టేది, జ్వరమొస్తే తల ఒత్తేది. కానీ అత్త భాష మాత్రం నేర్చుకోలేదు. అన్నం, నీళ్ళు, ఉప్పు, ఆవు, రా, పో. ఆమెకి వచ్చిన చేతిమాటలు అంతే. ఇంటిపని జరిగిపోతోంది కదా, ఇంకెందుకులే అనుకుంది.

అలా ఉండగా కొండ మీదుగా ఆ ఊరికి ఇంటర్నెట్ తీగ వచ్చింది.

కొండకి అవతల పక్కన టవరు ఉండేది. అందుకని ఇవతల ఇళ్ళల్లో ఫోను మోగేది, గొంతు వినిపించేది, కానీ బొమ్మ వచ్చేది కాదు. వచ్చినా గళ్ళుగళ్ళుగా విడిపోయేది. అప్పలస్వామి ఆలోచించి తీగ కనెక్షన్ పెట్టించాడు. గోడకి ఒక చిన్న నల్లపెట్టె బిగించారు. దాన్ని రూటరు అంటారుట. దానికొక దీపం, ఆకుపచ్చగా వెలిగేది.

మొదటిసారి ఫోనులో చెల్లెలి మొహం కనిపించిన సాయంత్రం వరహాలమ్మ ఫోనుని వాసన చూసింది. నిజం! అంత దగ్గరగా కనపడితే చెల్లెలి తలనూనె వాసన రావాలి కదా అనుకుందో ఏమో. ఆ తర్వాత ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి నిలబెట్టింది. రెండు చేతులూ పైకెత్తింది. ఎన్ని ఏళ్ళ మాటలో, అలా వస్తూనే ఉన్నాయి.

అప్పట్నించీ రోజూ దీపాలవేళకి అక్కాచెల్లెళ్ళు కలుసుకునేవారు. ఏం వండావు, ఆవు ఈనిందా, జగ్గారావు ఇంకా ఉద్యోగం మారలేదా. జగ్గారావంటే బంగారమ్మ కొడుకు. అవే కబుర్లు, మళ్ళీ మళ్ళీ. హైమ వంటింట్లో పనిచేసుకుంటూ అప్పుడప్పుడు తొంగి చూసేది. పాపం ఇద్దరూ ఏదో ఆడుకుంటున్నారు అనుకునేది. వాళ్ళు మాట్లాడుకుంటున్నారని ఆమెకి తట్టలేదు.

ఒక వేసవిలో వరహాలమ్మ, "ఈసారి మామిడిపళ్ళకి రావే" అని అడిగింది. బంగారమ్మ రాలేనంది. ఒంట్లో నలతగా ఉంది, తర్వాత చూద్దాం అంది. వరహాలమ్మకి ఉక్రోషం వచ్చింది. "నీకెప్పుడూ తర్వాతే" అని చేయి విసిరి, ఫోనుని బోర్లా పెట్టేసింది.

అదేమంత పెద్ద దెబ్బలాట కాదు. మర్నాటికి మామూలైపోయేదే. కానీ మర్నాటికి ఆకుపచ్చ దీపం ఎర్రగా మారిపోయింది.

ఏమైందంటే, ఆ కనెక్షన్‌కి ఏడాదికోసారి గడువు అయిపోతుంది. మళ్ళీ రెన్యూ చేయించుకోవాలి. అప్పలస్వామి దూరప్రాంతం లోడు మీద వెళ్తూ వెళ్తూ, దారిలోనే ఫోనులో రెన్యూ చేసేశాడు. చేసేశానని హైమకి చెప్పాడు కూడా. మరి దీపం ఎందుకు ఎర్రగా ఉంది?

వరహాలమ్మ పెట్టె దగ్గరికి వెళ్ళి చీర కొంగుతో తుడిచింది. మెల్లిగా తట్టింది. హైమ వైపు చూసి, చూపుడు వేలు ఎర్రదీపం మీద పెట్టింది.

అప్పుడు హైమ కంపెనీకి ఫోను చేసింది. అవతల ఒకమ్మాయి పలికింది.

"మీ రూటరు పాత మోడలండీ. కొత్తది పంపిస్తున్నాం. పెట్టుకుంటే వచ్చేస్తుంది."

"మొన్నటిదాకా ఇదే బాగా పనిచేసిందమ్మా. రెన్యూ చేశాకే ఇలాగైంది."

"సిస్టంలో అలాగే చూపిస్తోందండీ."

కొన్నాళ్ళకి కొరియర్లో ఒక పెట్టె వచ్చింది. వరహాలమ్మ మొహం విప్పారింది. అట్ట చించి, లోపలి ప్లాస్టిక్ ఊడదీసి, తెల్లగా మెరుస్తున్న రూటరుని చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి హైమకి అందించింది. హైమ తీగ తగిలించింది.

దీపం ఎర్రగానే వెలిగింది.

హైమ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి ఒక అబ్బాయి పలికాడు. "పంపినది లోపలేదో పాడై ఉంటుందమ్మా. ఇంకోటి పంపిస్తాం" అన్నాడు. "ఇంకోటి వద్దు బాబూ, ఎవరినైనా మనిషిని పంపండి" అంది హైమ. ఆ అబ్బాయి సరేనన్నాడు. కానీ మనిషి రాలేదు. ఇంకో పెట్టే వచ్చింది.

దాన్నీ తగిలించారు. దానికీ ఎర్రదీపమే.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఖరగ్‌పూర్ నించి హైమకి ఫోను వచ్చింది. జగ్గారావు.

"వదినా, అమ్మకి పచ్చకామెర్లు. ముదిరిపోయాయన్నారు. ఆస్పత్రిలో పెట్టాం."

"అయ్యో, ఎలాగుంది బాబూ ఇప్పుడు?"

"తగ్గుతాదంటున్నారు. పెద్దమ్మకి ఇప్పుడే చెప్పకు వదినా, కంగారు పడిపోతాది. మీ నెట్ వచ్చేస్తే ఎలాగూ చూసుకుంటారు కదా. అమ్మే చెప్పుకుంటాది."

హైమ సరేనంది. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి వరహాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కోడలి మొహం చూసి ఏదో అయిందని పట్టేసింది. వినపడనివాళ్ళు మొహాలు బాగా చదువుతారు బుజ్జీ. ఏమిటి అన్నట్టు చెయ్యి తిప్పింది.

హైమ ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. నవ్వింది కూడా.

ఆమెకి అత్తంటే చెడ్డ మనసేమీ లేదు. చెప్పొద్దన్నారు, చెప్పలేదు. అదీకాక, చెప్పాలన్నా ఆమె చేతుల్లో ఆ మాటలు ఎక్కడున్నాయి? జబ్బు ఎంత పెద్దదో, ఆస్పత్రిలో ఎలా ఉందో, అన్నం ఉప్పు నీళ్ళు మాత్రమే వచ్చిన చేతులు ఎలా చెబుతాయి? నెట్ వస్తుందిలే, వాళ్ళే మాట్లాడుకుంటారులే అనుకుంది.

వరహాలమ్మకి మాత్రం కాలు నిలవలేదు. సాయంత్రమైతే బియ్యం డబ్బా ముందు కూర్చునేది. ఫోను నిలబెట్టేది. చీకటి ఫోనులో తన మొహమే కనపడేది. కాసేపు చూసి లేచిపోయేది.

ఆ ఊళ్ళో తీగ కనెక్షన్ ఉన్న ఇల్లు ఇంకొక్కటే ఉంది. రైసుమిల్లు వాళ్ళది. ఒకరోజు వరహాలమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఫోను కొంగులో చుట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. హైమ వెంట వెళ్ళి అడిగింది. వాళ్ళు కాదనలేదు. అరుగు మీద కూర్చోమన్నారు.

ఫోను కలిసింది. బంగారమ్మ కనిపించింది. తల కింద దిండు ఉంది, మొహం పక్కకి ఒరిగి ఉంది. వరహాలమ్మ చేతులెత్తింది. అంతలోనే అరుగు చుట్టూ జనం మూగారు. మిల్లుకి ధాన్యం తెచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. చేతులు గాల్లో తిరుగుతుంటే వాళ్ళకి వింతగా ఉంది. ఒక కుర్రాడు ఆమె వెనకాల నిలబడి అచ్చం ఆమెలాగే చేతులు తిప్పాడు. అందరూ నవ్వారు.

వరహాలమ్మకి నవ్వు వినపడదు. కానీ ఫోను మూల చిన్నగడిలో తనూ కనపడుతుంది కదా, వెనకాల ఆ కుర్రాడూ కనపడ్డాడు. చుట్టూ తెరిచి ఉన్న నోళ్ళన్నీ కనపడ్డాయి.

ఆమె చేతులు ఒళ్ళోకి పడిపోయాయి. అవతల బంగారమ్మ ఒక చెయ్యి మెల్లిగా పైకెత్తబోతోంది. అంతలో వరహాలమ్మ ఫోను ఆపేసి లేచి వచ్చేసింది. దారంతా తల ఎత్తలేదు. హైమ ఎంత బతిమాలినా మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

కానీ ఆ దిండు ఆమె కళ్ళల్లో ఉండిపోయింది. దీపాలవేళ పడుకుని ఉండటమేమిటి? ఇంటికి రాగానే హైమని నిలేసింది. చెల్లెలికి పుట్టుమచ్చ ఉన్నచోట, తన ముక్కు పక్కన తాకింది. అది బంగారమ్మ పేరు. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని పడుకున్నట్టు చూపించింది. ఎందుకు అని అడిగింది.

హైమ ఆవులించినట్టు నటించింది. నిద్రొచ్చి ఉంటుందిలే అన్నట్టు.

ఆ తర్వాత మూడో పెట్టె వచ్చింది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఫోను చెయ్యలేదు. దానంతటదే వచ్చింది. కొరియర్ అబ్బాయి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. ఈసారి వరహాలమ్మ దాన్ని విప్పలేదు. ముట్టుకోనైనా లేదు. గోడకి చేరబడి అలా చూస్తూ కూర్చుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏడుపు చప్పుడు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు కదా, చప్పుడు లేకుండానే ఏడ్చింది.

అది చూసి హైమ ఉండలేకపోయింది. ఆ పెట్టెని చంకన పెట్టుకుని టౌనుకి బస్సెక్కింది. కంపెనీ ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళి బల్ల మీద దభీమని పెట్టింది.

"మాకు పెట్టెలొద్దు! ఇంట్లో ఇంకా రెండున్నాయి. గోడకి పాతదీ ఉంది. ఇన్ని పెట్టెలు పెట్టుకుని మేమేం చేసుకోవాలి? నెట్ రావాలి మాకు. నెట్!"

అక్కడ కూర్చున్న ఆయన పేరూ ఊరూ అడిగాడు. కంప్యూటర్లో చూశాడు. ఇంకోసారి చూశాడు. తల గోక్కున్నాడు.

"మీ పాత రూటరు బాగానే ఉందమ్మా. రెన్యూ చేసినప్పుడు ఇక్కడ లైను ఆన్ చెయ్యలేదు. మర్చిపోయారు."

"అంటే?"

"అంటే... ఏమీ లేదు. ఇదిగో, ఇప్పుడు ఆన్ చేసేశాను."

అంతే బుజ్జీ. అంత చిన్న పని. ఒక వేలితో నొక్కాడు, అయిపోయింది. హైమ కాసేపు ఆ వేలినే చూస్తూ నిలబడిపోయింది. తెచ్చిన పెట్టె తీసుకోమంటే, "అది మా దగ్గర తీసుకోమండీ, ఇంటికొచ్చి పట్టుకెళ్తారు" అన్నాడు. మళ్ళీ చంకన పెట్టుకుని బస్సెక్కింది.

ఇంటికొచ్చి పాత నల్లపెట్టెకే తీగ తగిలించింది. దీపం ఆకుపచ్చగా వెలిగింది. వరహాలమ్మ ఒక్క పరుగున వచ్చి ఫోను నిలబెట్టింది.

ఫోను జగ్గారావు ఎత్తాడు. పెద్దమ్మని చూసి ఒక్క క్షణం బిత్తరపోయాడు. ఆ తర్వాత మెల్లిగా ఫోను తిప్పాడు.

ఆస్పత్రి మంచం. మంచం మీద బంగారమ్మ. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. కుడిచేతికి సూది గుచ్చి, కదలకుండా అట్టముక్కకి కట్టేశారు.

"ఏమైందే? ఎప్పట్నించి? నాకెందుకు చెప్పలేదు?" వరహాలమ్మ చేతుల్లో మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

బంగారమ్మ ఎడమచెయ్యి ఎత్తింది. రెండు చేతుల భాష ఒక్క చేత్తో మాట్లాడితే సగం మాటలు విరిగిపోతాయి. అయినా అక్కకి అర్థమైంది.

"నీకు కోపం పోయిందా?" అని అడిగింది బంగారమ్మ.

"కోపమా?"

"ఫోను బోర్లా పెట్టేశావు. మళ్ళీ రాలేదు. ఒకరోజు వచ్చావు, నన్ను చూసి మాట్లాడకుండా లేచిపోయావు. అక్కకి నా మీద చాలా కోపమొచ్చింది అనుకున్నాను."

చూశావా బుజ్జీ? లైను ఆగిపోయిందనీ, దీపం ఎర్రగా ఉందనీ ఆమెకి ఎవరు చెబుతారు? జగ్గారావు ఏదో చెప్పబోయాడట కానీ, నెట్ రాలేదన్న మాటకి ఆ ఇంట్లో చేతి గుర్తు లేదు. అన్నాళ్ళూ ఆ మంచం మీద పడుకుని, నేనేం తప్పు చేశాను అని ఆలోచించుకుంది బంగారమ్మ.

"కోపం లేదు" అంది వరహాలమ్మ. "కోపం లేదు, లేదు, లేదు." రెండు చేతులూ అడ్డంగా ఊపుతూనే ఉంది. బంగారమ్మ చెయ్యి అలసిపోయి దుప్పటి మీద వాలిపోయింది.

ఆ మర్నాడు పొద్దున్నే అత్తాకోడళ్ళు రైలెక్కారు. అప్పలస్వామి లారీ ఎక్కడో దూరాన ఉంది, ఎంత తొందరపడినా అందుకోలేడు. రైల్లో వరహాలమ్మ ఏమీ తినలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఒళ్ళో చేతులు కదుపుతూ ఉంది. చెల్లెలికి చెప్పాల్సినవి ముందే చెప్పుకుంటోంది కాబోలు.

వాళ్ళు వెళ్ళేసరికి బంగారమ్మ కళ్ళు మూతలు పడిపోయాయి. ఊపిరి ఉంది, కళ్ళు తెరవలేకపోతోంది. "స్పృహ వస్తూ పోతూ ఉందమ్మా, పలకరించండి" అంది నర్సు. పలకరించమంటే ఎలా? వినపడేవాళ్ళనైతే కళ్ళు మూసుకున్నా చెవి దగ్గర పిలవచ్చు. చేతుల భాషకి కళ్ళే కదా చెవులు. అవి మూసుకుపోతే?

వరహాలమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. చెల్లెలి ఎడమచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ దీపం ఆర్పేశాక, దుప్పటి కింద ఆ పిల్లలిద్దరూ ఒకరి అరచేతిలో ఒకరు మాట్లాడుకునేవారు. ఇప్పుడూ అలాగే చెల్లెలి అరచేతిలో తన చెయ్యి పెట్టి మాట్లాడింది. వేళ్ళు జలజలా రాల్చింది. వాన. చెల్లెలి చేతిని తన ముక్కుపుడకకి తాకించింది. అమ్మ. లేని మీసం మెలేసింది, చెల్లెలి వేళ్ళతోనే.

బంగారమ్మ పెదవి చివర కొంచెం కదిలింది. నవ్విందని వరహాలమ్మ అనుకుంది. నవ్వే ఉంటుంది.

తెల్లారి పొద్దెక్కేవేళకి ఆ చెయ్యి బరువెక్కింది. వరహాలమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది. జగ్గారావు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆపలేదు.

బాధగా ఉందా నాన్నా? ఇలా దగ్గరికి రా. బాధగానే ఉంటుంది. ఇంకొంచెమే ఉంది, అది కూడా విను.

కర్మకాండలన్నీ అయ్యాక అత్తాకోడళ్ళు ఊరికి తిరిగొచ్చారు. గోడ మీద నల్లపెట్టె ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. ఎవరూ లేని ఇంట్లో అన్నాళ్ళూ వెలుగుతూనే ఉంది.

ఆ తర్వాత కంపెనీ మనిషి వచ్చాడు. అక్కర్లేని పెట్టెలు మూడూ పట్టుకెళ్ళడానికి. ఒకటైతే విప్పనే లేదు కదా, అటూ ఇటూ తిప్పి చూశాడు. "నెట్ ఇప్పుడు బాగా వస్తోందా అమ్మా?" అని వరహాలమ్మనే అడిగాడు. ఆమె అతని పెదాలు కదలడం చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రమైంది. దీపాలవేళ. బియ్యం డబ్బా దగ్గర వరహాలమ్మ కూర్చోలేదు. వసారాలో గోడకి చేరబడి, రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చుంది. ఇక వాటితో పని లేదన్నట్టు.

హైమ వంటింట్లోంచి అది చూసింది.

చూడు బుజ్జీ, హైమకి ముందే తెలుసన్న సంగతి అత్తకి తెలియదు. తనే చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. జగ్గారావు చెప్పలేడు, ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. హైమ ఊరుకుంటే ఆ మాట అక్కడితో మట్టిలో కలిసిపోయేది. ఊరుకుంటే హాయిగా ఉండేది కూడా.

కానీ హైమ ఊరుకోలేకపోయింది. తడిచేతులు చీరకి తుడుచుకుని వచ్చి అత్త ఎదురుగా నేల మీద కూర్చుంది. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది, ఫోను అన్నట్టు. ముక్కు పక్కన తాకింది, చిన్నత్త. ఆ తర్వాత కడుపు పట్టుకుని మొహం ముడుచుకుంది. జబ్బుకి ఏ గుర్తో ఆమెకి తెలియదు మరి. తన గుండె మీద వేలు పెట్టుకుంది. తల నిలువుగా ఊపింది. నాకు తెలుసు. అప్పుడు వేలు అత్త వైపు చూపించి, తన నోరు అరచేత్తో మూసేసుకుంది.

నాకు తెలుసు. నీకు చెప్పలేదు.

వరహాలమ్మ చాలాసేపు కోడలి మొహంలోకి చూసింది. ఆవులించినట్టు నటించిన ఆ మొహమే అది. అర్థమైంది. లేచి పెరట్లోకి వెళ్ళిపోయి, ఆవు పక్కన అటు తిరిగి నిలబడింది. హైమ కదల్లేదు. పొయ్యి మీద అన్నం అడుగంటుతున్న వాసన వస్తున్నా లేవలేదు. అత్త ఏం చేసినా పడదామని అలాగే కూర్చుంది.

కాసేపటికి వరహాలమ్మ తిరిగి వచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు. హైమ ఎదురుగా చతికిలబడింది. ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కొడుతుందేమో అనుకుని హైమ కళ్ళు మూసుకుంది.

కొట్టలేదు. కోడలి కుడిచెయ్యి తీసి, నుదుటికి ఆనించి, మెల్లిగా కిందికి జార్చి, వేళ్ళు వాలిపోయేలా వంచింది. జబ్బు అంటే అలా కాదు, ఇలా. తర్వాత ఆ చెయ్యి కోడలి నోటి మీద పెట్టి, ఇలా కాదన్నట్టు తీసేసి, పిడికిలి బిగించి వీపు వెనక్కి పెట్టించింది. దాచడం అంటే ఇలా.

ఆ తర్వాత వెనక్కి జరిగి కూర్చుంది. మళ్ళీ చెప్పు అన్నట్టు గడ్డం ఎత్తింది.

హైమ ఏడుస్తూ మళ్ళీ చెప్పింది. చిన్నత్తకి జబ్బు. నాకు తెలుసు. నీ దగ్గర దాచాను. ఒకచోట తప్పింది. వరహాలమ్మ తల అడ్డంగా ఊపి, వేళ్ళు సరిచేసి, మొదట్నించీ చెప్పించింది. ఆ మాట మొత్తం తన భాషలో, ఒక్క తప్పు లేకుండా కోడలి చేతుల్లోంచి వచ్చేదాకా వదల్లేదు.

అప్పుడు, విన్నాను అన్నట్టు ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది.

ఇక పడుకో నాన్నా.

కథేమో కంచి బాట పట్టె,
కునుకొచ్చి కంటి తలుపు తట్టె,
చెప్పిన అమ్మమ్మ దుప్పటి చుట్టె,
విన్న నా బుజ్జికి నిద్దర పట్టె.